వలందుల రాజధానిలో మూడు నాళ్లు

బందరు పట్టణమున ఇంగ్లీషుపాలెము, పరాసుపేట, వలందపాలెము అను పేటలు కలవు. ఇంగ్లీషువారెవ్వరో అందఱకును తెలియును. పరాసులనగా ఫ్రెంచివారని పెద్దలు చెప్పుదురు. వలందులెవ్వరని అడిగినచో మాత్రము ఆ పేటలో నివసించువారే పలువురు తడబడుదురు. వలందులనగా హాలండు దేశస్థులు, డచ్చివారు. వారి తూర్పు ఇండియా కంపెనీ 1602వ సంవత్సరమున ఏర్పడెను. మూడు నాలుగేండ్లలోనే బందరున వారి వర్తకస్థానము వెలసెను. పులికాటునందును, పాలకొల్లునందును, భీమునిపట్టణమునందును వారు వర్తకము సాగించిరి. భీమునిపట్టణము 1825లో శాశ్వతముగా ఇంగ్లీషువారి వశమయ్యెను. రెండువందల యేండ్లకు మించి మన తీరమున మసలిన ఈ జనులు ఏ రేవునుండి బయలుదేఱి వచ్చిరో, ఇచ్చటినుండి కొనిపోయిన సరకు ఏ గిడ్డంగులలో దిగినదో చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక. ఆ కోరికతో ఒక శరత్కాలమున ఆమ్‌స్టర్డాము నగరమునకు ఒంటరిగా పోయి మూడు దినములుంటిని.

ఒంటరి ప్రయాణమునందు ఒక కొఱత కలదు. చూచిన వింతను తక్షణమే చెప్పుకొనుటకు ఎవ్వరును ఉండరు. కాని ఒక పటము ముందు అరగంట నిలిచినను, ఒక వంతెనపై ఊరక కూర్చున్నను, పోదము రమ్మని తొందరపెట్టువారును ఉండరు. నాకు ఆ రెండవదియే ఎక్కువ నచ్చినది.

విమానము దిగిన చోటనే ఆ దేశపు లక్షణము తెలియును. స్కిపోల్ విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు మూడు మీటర్లు క్రిందుగా నున్నది. అది పూర్వమొక పెద్ద సరస్సు యొక్క అడుగు. 19వ శతాబ్ది మధ్యమున ఆవిరియంత్రములతో ఆ సరస్సును తోడివైచి నేల చేసిరి. ఆ దేశమున నాలుగవ వంతు నేల సముద్రమునకు క్రిందుగానే యున్నది.

కృష్ణా గోదావరీ మండలములవానికి కాలువ క్రొత్త వస్తువు కాదు. లాకులు, గట్లు, వంతెనలు, పడవలు చూచుచునే పెరిగినవారము. అయినను మన కాలువకును వారి కాలువకును పనిలో భేదమున్నది. మన కాలువ పొలమునకు నీరు తెచ్చును. వారి కాలువ బురదనేలనుండి నీటిని లాగివైచును, సరకు మోయును, ఇంటిముందు వీధియు అదియే. ఆమ్‌స్టెల్ అను ఏటికి కట్టిన ఆనకట్టనుబట్టియే ఆ యూరికి ఆ పేరు వచ్చినది. 1613లో నగరమును పెంచదలచి, పాత యూరి చుట్టును ఒకదాని వెలుపల ఒకటిగా కాలువలు త్రవ్వ నారంభించిరి. వానిలో మూడు మిక్కిలి ప్రసిద్ధములు. వాని పేళ్లను తెలుగు చేసినచో ప్రభువుల కాలువ, చక్రవర్తి కాలువ, రాజకుమారుని కాలువ అని యగును. పేళ్లు రాజులవైనను కట్టించినవారు వర్తకులు. ఈ కాలువల వలయమును 2010లో ప్రపంచ వారసత్వ స్థలముగా అంగీకరించిరి.

మొదటి దినమున నేను ఈ కాలువగట్లమీదనే నడచితిని. ఒడ్డున స్థలము విలువైనది గనుక ఇండ్లు సన్నముగా, ఎత్తుగా, లోనికి పొడవుగా నుండును. ప్రతి యింటి నెత్తిపైని ఒక దూలము ముందుకు పొడుచుకొని వచ్చియుండును. దానికి కొక్కెము. పడవలో వచ్చిన మూటను గిలకపై త్రాడు వేసి పైయంతస్తుకు లాగుకొందురు. మూట గోడకు తగులకుండుటకై అనేక గృహములను కొంచెము ముందునకు వాలునట్లే కట్టిరి. క్రింద కాపురము, అటుకమీద మిరియములు, బట్టలు, సుగంధద్రవ్యములు. ఇల్లే గిడ్డంగి అన్నమాట. నేడు మిరియములు లేవు. లోపలి మెట్లు నిచ్చెనవలె నిట్టనిలువుగా నుండుటచే బీరువాలను, మంచములను ఇప్పటికిని ఆ కొక్కెము నుండియే లోనికి చేర్చుచున్నారు.

ఆ యూర నడచువాడు నీటికన్న సైకిలుకు ఎక్కువ భయపడవలెను. గంట వినబడునప్పటికి అది మన మోచేతివద్ద నుండును. ఏటేటా వేలకొలది సైకిళ్లను కాలువల అడుగునుండి గాలముతో పైకి తీయుదురట. ఎవరు పడవేయుదురో, ఏల పడవేయుదురో నేనడిగినవారెవ్వరును చెప్పలేదు.

రాజకుమారుని కాలువ ఒడ్డున 263వ నంబరు ఇల్లు ఒకటి కలదు. ముందువైపు పెక్టిను, మసాలా దినుసులు అమ్ము కార్యాలయము. వెనుకవైపు మఱియొక ఇల్లు. ఆ వెనుకటింట 1942 జూలై 6 మొదలు 1944 ఆగష్టు 4 వఱకు, జర్మను నాజీల చేతికి చిక్కకుండ ఎనిమిదిమంది యూదులు కొందఱు ముందుగా, కొందఱు తరువాత చేరి దాగియుండిరి. దినచర్య వ్రాసిన ఆన్ ఫ్రాంకు అను బాలిక వారిలో నొకతె. పట్టుబడిన పిదప నిర్బంధ శిబిరములనుండి ప్రాణముతో తిరిగివచ్చినది ఆమె తండ్రి ఒక్కడే. 1960లో దానిని ప్రదర్శనశాలగా తెఱచినప్పుడు, ఆయన కోరికపై గదులలో సామాను తిరిగి పెట్టలేదు. చూచుటకు అచ్చట వట్టి గోడలే యున్నవి. ఒక గోడపై పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలు గాజు క్రింద భద్రముగా నున్నవి. ప్రతి యింటను తలిదండ్రులు అట్టి గీతలు గీయుదురు. నేను బయటకు వచ్చి ఆ దినమున మఱి యే ప్రదర్శనశాలకును పోలేదు.

రెండవ దినము రైక్స్ మ్యూజియమునకు చెందినది. అది 1885లో తెఱచిన భవనము. పదియేండ్లు మరమ్మతు చేసి 2013లో మరల తెఱచిరి. భవనము నడుమ, క్రిందినుండి, సైకిళ్ల బాట పోవును. రెంబ్రాంటు 1642లో వ్రాసిన రాత్రి కావలి అను మహాచిత్రము ముందు ఎప్పుడును తిరునాళ్లే. నేను దానికన్న, వెర్మేరు వ్రాసిన పాలు పోయు పనికత్తె పటమువద్ద ఎక్కువసేపు నిలిచితిని. అది మూరెడైన లేని చిన్న పటము. ఒక స్త్రీ కూజానుండి గిన్నెలోనికి పాలు వంచుచున్నది, అంతే. ఆ సన్నని ధార తెగదు, నిండదు. ఆమె ముఖమున నున్న శ్రద్ధ, మన యిండ్లలో చల్ల చిలుకు స్త్రీల ముఖమున నేను చూచిన శ్రద్ధయే.

కాని నేను వెదకిన వస్తువు వేఱు. డచ్చివారు సిట్స్ అని పిలుచునది మన అద్దకపు గుడ్డ. అచ్చటివారి సేకరణలో పదునెనిమిదవ శతాబ్దిలో స్త్రీలు ధరించిన రవికలును, మంచముపై పఱచు దుప్పట్లును కలవు. తెల్లని నూలుపై ఎఱ్ఱని పూలు, నీలపు లతలు. కరక్కాయ రసములో నాన్చి, పటికతో వ్రాసి, చిరివేరుతో ఉడికించి, మైనము పూసి నీలిలో ముంచి చేసిన ఆ పని బందరు, పేటపోలి ప్రాంతములవారికి తరతరముల విద్య. పేటపోలి యన నేటి నిజాంపట్టణము. అచ్చటి చిరివేరుకు గొప్ప పేరుండెడిది. ఎన్నిమార్లు ఉతికినను రంగు పోని నూలుగుడ్డను ఐరోపాలో ఆ కాలమున ఎవ్వరును చేయనేరరు. కనుకనే ఓడలు అంతదూరము వచ్చినవి. వచ్చి రెండున్నర, మూడు శతాబ్దములైనను ఆ ఎఱుపు ఇంకను ఎఱుపే. ప్రక్కనున్న చీటీలో కోరమాండలు తీరము అని మాత్రమే యుండును. వ్రాసినవాని పేరు లేదు. పెడనలో అద్దకపు బల్లలవద్ద నేడును పనిచేయువారి పూర్వులెవ్వరో అయియుందురు.

ఆసియా మందిరమున తమిళదేశపు నటరాజమూర్తి యొకటి కలదు. పండ్రెండవ శతాబ్దిది, ఘనముగా పోసిన కంచు. ఒకప్పుడు ఊరేగిన స్వామి. చుట్టును అందమైన వెలుతురు, నిశ్శబ్దము. పూవు మాత్రము లేదు.

ఆ సంగ్రహాలయమునకే చెందిన మఱియొక వస్తువు తెలుగువారు తెలిసికొనదగినది. 1686 ప్రాంతమున గోలకొండలో వ్రాయించిన 49 చిన్నచిత్రముల సంపుటి అది. మొగలాయి పాదుషాలు, దక్కను సుల్తానులు మొదలగు పాలకుల రూపములు అందున్నవి. అది ఆమ్‌స్టర్డాము నగరాధ్యక్షుడును కంపెనీ పెద్దలలో నొకడునైన నికోలాస్ విట్సెను చేతికి వచ్చి, ఆయన పేరనే ప్రసిద్ధమైనది. మరుసటి యేడు, 1687లో, గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. రాజ్యము కూలుటకు ముందటి దినములలో, పేరు తెలియని గోలకొండ చిత్రకారులు వ్రాసిన పని అది. కాగితము వెలుతురునకు చెడును గనుక ఎల్లప్పుడును బయట పెట్టరు. కాని చిత్రముల ప్రతులను ఎవ్వరైనను ఇంటినుండియే వెల లేకుండ చూచునట్లు ఆ సంస్థ ఏర్పాటుచేసినది. ఇది మెచ్చదగిన పని.

మూడవ దినమున నగరము నడుమనున్న రాజభవనమునకు పోయితిని. అది 1655లో పురమందిరముగా తెఱవబడినది. 13,659 కొయ్యగుంజలపై నిలిచియున్నది. పెద్ద చావడిలో నేలపై చలువరాతితో భూగోళపు రెండు అర్ధములును, ఆకాశమండలమును పొదిగియున్నారు. ఊరి పౌరులు ప్రపంచముపై నడచుచు వ్యవహారములు చక్కబెట్టుకొనిరి. ఆ గర్వమునకు మఱియొక ముఖము కూడ నున్నది. కంపెనీ ఓడలు మన తీరమునుండి గుడ్డలతోపాటు, కఱవు కాలములందు అమ్ముడుపోయిన మనుష్యులను కూడ బటావియా మొదలగు చోట్లకు కొనిపోయినవి. బానిస వ్యాపారమున నగరపు పాలునకై 2021 జూలై 1న నగరాధ్యక్షురాలును, దేశపు పాలునకై 2023 జూలై 1న రాజును బహిరంగముగా క్షమాపణ చెప్పిరి. క్షమాపణ చాలునా అను ప్రశ్న అచ్చటివారిలోనే యున్నది. తమ లెక్కపుస్తకములను తామే విప్పి చూపుట మాత్రము చిన్న సంగతి కాదు.

రెంబ్రాంటు గృహము అచ్చటికి సమీపముననే యున్నది. 1639లో 13,000 గిల్డరులకు ఆయన కొన్న యిల్లు, అప్పు తీఱలేదు. 1656లో దివాలా తీసినప్పుడు అధికారులు వచ్చి గదిగదికి సామానుపట్టీ వ్రాసిరి. ఆ పట్టీ మిగిలియుండుటచేతనే నేడు ఇంటిని మరల నాటి రీతిగా సర్దగలిగిరి. అపురూపములైన చిన్నచిత్రముల పుస్తకము ఒకటి అందు నమోదై యున్నది. అవి మొగలాయి చిత్రములై యుండునని కొందఱు పండితుల యూహ. ఎట్లైనను, ఆ కష్టకాలముననే ఆయన మొగలాయి చిత్రములను చూచి వ్రాసికొన్న ప్రతులు ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. ఇల్లు వేలమునకు పోవుచుండగా, ఆ మహాచిత్రకారుడు ఎన్నడును చూడని దేశపు పాదుషా తలపాగా మడతలను శ్రద్ధగా నేర్చుకొనుచుండెను.

అచ్చటినుండి రెండడుగులలో నేటి పురపాలక భవనము. దాని నడవలో గాజుగొట్టములు కొన్ని నిలిపియున్నారు. రెండింటిలో నీరు, బయట సముద్రము ఆ క్షణమున ఎంత యెత్తునందున్నదో చూపుచు, పైకిని క్రిందికిని కదలుచుండును. మూడవ గొట్టములోని నీరు మాత్రము తలపైకి చాల ఎత్తుగా, నాలుగున్నర మీటర్లకు మించి యుండును. అది 1953 ఫిబ్రవరి 1వ తేదీ వరద మట్టము. ఆ రాత్రి హాలండు దేశమున 1,836 మంది మరణించిరి. క్రింద గదిలో ఇత్తడి చీల యొకటి కలదు. ఆ దేశమున ఎత్తులన్నియు కొలుచు సున్న అది.

ఆ మూడవ గొట్టము క్రింద నిలిచినప్పుడు నాకు 1977 నవంబరు 19 జ్ఞప్తికి వచ్చినది. ఆనాటి ఉప్పెన దివిసీమను ముంచెను. మృతులు పదివేల వఱకని ప్రభుత్వపు లెక్క. జనులు చెప్పుకొను లెక్క ఇంకను హెచ్చు. అంతకుముందు 1864 నవంబరు 1న బందరుపైకి సముద్రము వచ్చినప్పుడు సుమారు ముప్పదివేల మంది పోయిరి. మన తుపానుల బలము వేఱు, వారి గాలివానల బలము వేఱు, సరిపోల్చరాదు. కాని 1953 తరువాత వారు దశాబ్దముల తరబడి కట్టలును తలుపులును కట్టిరి. గట్టుల సంరక్షణకు ప్రత్యేకముగా జలసభలున్నవి. వానికి మూలము 13వ శతాబ్దిలోనిది. నేటికిని ప్రజలు వానికి వేఱుగా వోటు వేయుదురు, వేఱుగా పన్ను కట్టుదురు. వచ్చిపోవు ప్రతి పౌరుని తలపైని ఆనాటి మట్టమును నిలిపియుంచిరి. బందరులో గాని అవనిగడ్డలో గాని కచ్చేరి నడవలో అట్టి గొట్టము ఒకటి యుండిన బాగుండును.

చివరి సాయంకాలము ఆమ్‌స్టెల్ ఏటిమీది లాకులవద్ద గడపితిని. 17వ శతాబ్దిలో కట్టినవి. తలుపులు మన లాకుతలుపులవంటివే. కాలువ నీటిమట్టమును ఆ ఇత్తడి సున్నకు నలుబది సెంటీమీటర్లు క్రిందుగా ఎల్లప్పుడును నిలుపుదురు. పెరిగిన అడుగుగదులు మునుగును. తగ్గిన అంతకన్న చేటు: నీట మునిగియున్నంతకాలము కుళ్లని కొయ్యగుంజలు గాలి తగిలిన వెంటనే కుళ్లనారంభించును, పైనున్న ఇండ్లు కూలును. గుఱ్ఱపుబండ్ల కాలమున కట్టిన గట్లు నేటి లారీల బరువు మోయలేకున్నవి. 2020 సెప్టెంబరులో ఒక గట్టు కాలువలోనికి జాఱిపోయినది. ఇప్పుడు మైళ్లకొలది గట్లను మరల కట్టుచున్నారు.

వారమున కొన్ని రాత్రులు ఈ లాకులు మూసి, తూర్పున పంపులతో మంచినీటిని లోనికి తోడుదురు. ఆ నీరు నగరమంతట తిరిగి, పాత నీటిని పడమరకు నెట్టుకొనిపోవును. నేను చూచిన రాత్రి తలుపులు మూసియుండెను. మరునాటి యుదయము స్టేషనుకు పోవుచు చూచితిని. తలుపులు తెఱచియున్నవి, చెత్త మోయు పడవ యొకటి లోనికి పోవుచున్నది.