తాతగారికి స్టాక్‌హోం చూపిద్దాం

(వేసవి సెలవులకు ముందు తెలుగు తరగతి పిల్లలకు చేసిన ప్రసంగం)



సెలవులు దగ్గరకు వచ్చాయి. మీలో చాలామంది ఇండ్లకు ఈ వేసవిలో తాతగారో, అమ్మమ్మగారో, నాయనమ్మగారో వస్తారు. ఒకరు గుంటూరు నుంచి రావచ్చు, ఒకరు వరంగల్లు నుంచి రావచ్చు. అమ్మా నాన్నా ఉద్యోగాలకు వెళతారు. అప్పుడు వాళ్ళకు ఊరు చూపించే పని ఎవరిది? మీదే. ఎందుకంటే ఈ ఊరు మీది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ దుకాణంలో ఏలకుల బన్ను రుచిగా ఉంటుందో మీకు తెలిసినంతగా పెద్దలకు కూడా తెలియదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఊరు తెలియడం వేరు, తెలిసినదాన్ని తెలుగులో చెప్పడం వేరు. ఇంట్లో మనకు రోజూ కావలసిన తెలుగు కొంచెమే. రా, తిను, పడుకో, చెప్పులు ఎక్కడ, ఇంకొంచెం అన్నం పెట్టనా. ఈ నాలుగు మాటలతో ఇల్లు గడిచిపోతుంది. ఊరు చూపించడానికి మాత్రం ఇవి చాలవు. మాట తెలియని ఊళ్ళో పెద్దవాళ్ళు నోరు ఉండి కూడా మూగవాళ్ళలాగా, చెవులు ఉండి కూడా చెవిటివాళ్ళలాగా మన వెనకాలే నడుస్తారు. మీరు "ఇది మ్యూజియం, అది చర్చి" అని ఊరుకుంటే వాళ్ళు తల ఊపి ఊరుకుంటారు. అంత దూరం నుంచి వచ్చి గోడలు చూసి వెళ్ళినట్లవుతుంది.

ఒక భాషలో ఉన్న సంగతిని మరొక భాషలో చెప్పేవాడిని పూర్వం దుబాసీ అనేవారు. రెండు భాషలు తెలిసినవాడు అని అర్థం. ఈ వేసవిలో మీరందరూ దుబాసీలు కావాలి. ఎట్లాగో చెబుతాను, వినండి.

మొదట ఊరి పేరుతో మొదలుపెట్టండి. స్వీడిష్ భాషలో స్టాక్ అంటే దుంగ, హోల్మ్ అంటే నీటి నడుమ ఉన్న చిన్న నేల. అట్లాంటి నేలకు తెలుగులో చక్కని మాట ఉన్నది: లంక. గోదావరి మధ్యలో, కృష్ణ మధ్యలో లంకలున్నాయి, వాటిలో ఊళ్ళున్నాయి. మన స్టాక్‌హోం 14 లంకల మీద కట్టిన ఊరు. తాతగారితో "ఇది దుంగలంక, తాతయ్యా!" అనండి. ఆయన నవ్వుతారు. నవ్వితే సగం పని అయినట్లే. ఈ పేరు 1252వ సంవత్సరపు పత్రాలలో మొదటిసారి కనిపిస్తుంది.

తరువాత స్లుసెన్ దగ్గరకు తీసుకువెళ్ళండి. మీరు రోజూ అక్కడ రైలు మారుతూ ఉంటారు, కాని ఆ మాటకు అర్థం ఏమిటని ఎప్పుడైనా ఆలోచించారా? స్లుసెన్ అంటే లాకు. ఒకవైపు మేలారెన్ సరస్సు, మరొకవైపు బాల్టిక్ సముద్రం. సరస్సు నీరు సముద్రం నీటికంటే సుమారు 70 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. పడవ ఒకవైపు నుంచి మరొకవైపుకు వెళ్ళాలంటే నడుమ రెండు తలుపుల గది కావాలి. పడవ ఆ గదిలోకి వస్తుంది, తలుపు మూస్తారు, నీటిని నింపుతారు లేదా తగ్గిస్తారు, ఎదుటి తలుపు తెరుస్తారు. ఇక్కడ మొదటి లాకును 1642లో పూర్తిచేశారు. ఇదంతా మీరు చెప్పబోయేలోగా, డెల్టా ప్రాంతపు తాతగారైతే, "ఓహో, లాకులా! ధవళేశ్వరంలోనూ ఉన్నాయి, విజయవాడలోనూ ఉన్నాయి" అని తామే చెప్పడం మొదలుపెడతారు. చెప్పనివ్వండి, వినండి.

వెయ్యేళ్ళ కిందట మేలారెన్ సరస్సు కాదు, సముద్రంలో ఒక భాగం. మంచుయుగంలో కిలోమీటర్ల మందం మంచు ఈ నేలను అణగదొక్కింది. మంచు కరిగిన తరువాత బరువు తగ్గి నేల మెల్లగా పైకి లేస్తున్నది. ఈనాటికీ స్టాక్‌హోం నేల ఏడాదికి సుమారు అర సెంటీమీటరు లేస్తూనే ఉన్నది. నేల లేవడం వల్ల సముద్రపు పాయ సరస్సయింది, ఉప్పు నీరు పోయి మంచినీరు వచ్చింది. ఈ ఊరి వాళ్ళం తాగే నీరు ఆ సరస్సుదే. ఆ నీటిలో ఉప్పు కలవకుండా చూడాలి, వరద వస్తే ఎక్కువ నీటిని సముద్రంలోకి వదలాలి. అందుకోసమే 2016లో స్లుసెన్‌ను తిరిగి కట్టడం మొదలుపెట్టారు. ఆ శబ్దాలూ క్రేన్లూ చూసి మీరు విసుక్కునేవారు కదా! దాని వెనక ఉన్న సంగతి ఇది.

అక్కడి నుంచి గామ్లా స్టాన్, అంటే పాత ఊరు, నాలుగు అడుగులే. మోర్టెన్ ట్రోట్జిగ్ సందు చూపించండి. అన్నిటికంటే ఇరుకైన చోట దాని వెడల్పు 90 సెంటీమీటర్లు. 36 మెట్లున్నాయి, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను పైనుంచి కిందికి దింపండి, ఎక్కించకండి. ఊరు చూపించేవాడు ముందు చూడవలసింది ఊరిని కాదు, వెంట వచ్చినవాళ్ళ కాళ్ళను. ఎక్కడ బెంచీ ఉన్నదో, ఎక్కడ మరుగుదొడ్డి ఉన్నదో, ఎక్కడ వేడి టీ దొరుకుతుందో ముందే తెలుసుకొని ఉండాలి.

పాత ఊరి నడుమ స్టోర్‌టోర్యెట్ అనే చౌకు ఉన్నది. రంగురంగుల ఇండ్ల ముందు అందరూ ఫోటోలు తీసుకుంటారు. 1520 నవంబరులో డెన్మార్కు రాజు రెండవ క్రిస్టియన్ ఇక్కడే 80 మందికి పైగా పెద్దలను చంపించాడు. అట్లా చనిపోయినవాళ్ళలో ఒకరి కుమారుడు గుస్తావ్ వాసా. అతడు జనాన్ని కూడగట్టి పోరాడి, 1523 జూన్ 6న రాజుగా ఎన్నికయ్యాడు. మీకు జూన్ 6న సెలవు ఎందుకు ఇస్తారో ఇప్పుడు తెలిసింది కదా! అదే చౌకులో నోబెల్ బహుమతి మ్యూజియం ఉన్నది. రవీంద్రనాథ్ ఠాగూరుకు 1913లో సాహిత్య బహుమతి వచ్చింది. ఆయన అప్పుడు రాలేదు. 1921లో స్టాక్‌హోం వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. 1930లో భౌతికశాస్త్ర బహుమతి పొందిన సర్ సి. వి. రామన్ మాత్రం స్వయంగా వచ్చి, హోటోర్యెట్ సంత పక్కనున్న నీలిరంగు సంగీత భవనంలో అందుకున్నారు. ఆయన చిన్నతనంలో చదువుకున్నది విశాఖపట్నంలో. ఈ మాట మీ అమ్మమ్మగారికి చెప్పడం మరిచిపోకండి.

రాజభవనం ఎదురుగా ఫిన్నిష్ చర్చి ఉన్నది. దాని వెనక పెరట్లో ఊరిలోకెల్లా చిన్న విగ్రహం ఉన్నది. చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్న ఇనుప పిల్లవాడు. ఎత్తు 15 సెంటీమీటర్లు. లిస్ ఎరిక్సన్ అనే శిల్పి చేసిన ఈ బొమ్మను 1967లో అక్కడ పెట్టారు. చలికాలంలో ఎవరో ఒకరు ఆ పిల్లవాడికి ఉన్ని టోపీ అల్లి తొడుగుతారు. 600కు పైగా గదులున్న రాజభవనం కంటే మీ నాయనమ్మగారికి ఈ టోపీ సంగతే ఎక్కువ కాలం గుర్తుంటుంది, చూడండి.

ఇప్పుడు స్లుసెన్ నుంచి పడవ ఎక్కి యూర్‌గోర్డెన్ వెళదాం. బస్సుకూ రైలుకూ పనికివచ్చే టికెట్టే దీనికీ పనికివస్తుంది. అక్కడ వాసా ఓడ మ్యూజియం ఉన్నది. ఈ కథ బాగా చెప్పాలి.

1628లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ పెద్ద యుద్ధనౌకను కట్టించాడు. రెండు అంతస్తులలో ఫిరంగులు, మొత్తం 64. ఓడ పైభాగం బరువు, అడుగుభాగం ఇరుకు. రేవులో ఉండగానే 30 మంది నావికులను ఓడ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్షించారు. మూడుసార్లు పరుగెత్తేసరికి ఓడ ఊగిపోయింది. తలకిందులవుతుందని భయపడి, అక్కడున్న నౌకాదళాధిపతి పరీక్షను ఆపించాడు. కాని ప్రయాణాన్ని ఆపలేదు. రాజు దూరాన యుద్ధంలో ఉన్నాడు, ఓడ త్వరగా కావాలంటున్నాడు. ఓడ నిలవదని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆగస్టు 10న తెరచాపలు ఎత్తారు. గాలి కొట్టింది, ఓడ ఒరిగింది, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీలలో నుంచి నీరు లోపలికి వచ్చింది. సుమారు 1300 మీటర్లు వెళ్ళేసరికి, ఒడ్డున జనం చూస్తూ ఉండగానే ఓడ మునిగిపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు. విచారణ జరిగింది గాని ఎవరికీ శిక్ష పడలేదు.

333 ఏళ్ళు ఆ ఓడ నీటి అడుగున ఉన్నది. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, అందువల్ల కొయ్యను తొలిచే సముద్రపు పురుగు ఇక్కడ బతకదు. అందుకే కొయ్య చెడలేదు. 1956లో ఆండర్స్ ఫ్రాన్జెన్ అనే ఆయన దాని జాడ కనిపెట్టాడు. 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. ఇప్పుడున్న మ్యూజియం 1990లో తెరిచారు.

పిల్లలూ! ఈ కథలో ఒక మాట గమనించండి. ఓడ నిలవదన్న సంగతి చాలామందికి తెలుసు. తెలిసినా చెప్పలేదు. తెలిసినదాన్ని చెప్పవలసిన సమయంలో, చెప్పవలసిన వాళ్ళకు చెప్పకపోతే తెలిసి ప్రయోజనం ఏమిటి?

దగ్గరలోనే స్కాన్‌సెన్ ఉన్నది. 1891లో ఆర్తుర్ హజేలియుస్ దీన్ని తెరిచాడు. ప్రపంచంలో మొట్టమొదటి ఆరుబయటి మ్యూజియంలలో ఇదొకటి. అప్పట్లో కర్మాగారాలు వచ్చి పల్లెల బతుకు మారిపోతున్నది. పాత ఇండ్లు, పనిముట్లు కనుమరుగవుతాయని ఆయన దిగులుపడి, దేశం నలుమూలల నుంచి ఇండ్లను విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలబెట్టాడు. ఇప్పుడు సుమారు 150 ఇండ్లున్నాయి. అక్కడ గొడ్లపాక ఉన్నది, కట్టెల పొయ్యి ఉన్నది, రొట్టెలు కాల్చే స్త్రీలున్నారు, కోళ్ళు తిరుగుతుంటాయి. ఇక్కడికి వచ్చేసరికి మీ దుబాసీ పని ముగుస్తుంది. అమ్మమ్మగారే మీకు చెబుతారు: పొయ్యి ఎట్లా రాజెయ్యాలో, కవ్వంతో వెన్న ఎట్లా తియ్యాలో, ఆవు ఎట్లా పొదుగు చేపుతుందో. మీకు పుస్తకంలో తప్ప తెలియని పనులు ఆవిడ చేతులకు తెలుసు. అక్కడ ఆవిడ గురువు, మీరు శిష్యులు. సిగ్గుపడక అడగండి. ఈ ప్రశ్నలు అడగడానికి కూడా తెలుగే కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు భూగర్భ రైలులో రండి. ఈ రైలు 1950లో మొదలైంది. 100 స్టేషన్లలో 90కి పైగా స్టేషన్లలో బొమ్మలో శిల్పాలో ఉన్నాయి. టీ-సెంట్రాలెన్‌లో నీలి లైను దగ్గర తెల్లని రాతి మీద నీలిరంగు తీగలూ ఆకులూ చూడండి. పెర్ ఓలోఫ్ ఉల్ట్‌వెట్ 1975లో వేశాడు. ఆ స్టేషన్ కట్టిన పనివాళ్ళ నీడబొమ్మలు కూడా పైకప్పు మీద ఉన్నాయి. రాజుల బొమ్మలు ఎక్కడైనా ఉంటాయి. తట్టా పారా పట్టినవాళ్ళ బొమ్మలు అరుదు. ఆగి చూపించండి.

చివరకు పురపాలక భవనం. 1923లో తెరిచారు. శిల్పి రాగ్నర్ ఓస్ట్‌బెర్గ్. సుమారు 80 లక్షల ఇటుకలు పట్టాయి. గోపురం 106 మీటర్లు. నోబెల్ విందు జరిగే గదిని నీలి మందిరం అంటారు, కాని అది నీలంగా ఉండదు. నీలిరంగు వెయ్యాలనుకున్న ఓస్ట్‌బెర్గ్ ఎర్రని ఇటుక అందాన్ని చూసి మనసు మార్చుకున్నాడు. పేరు మాత్రం నిలిచిపోయింది. లోపల తిరిగి అలిసిపోతే, సరస్సు ఒడ్డున మెట్ల మీద కూర్చోండి. జూన్ నెలలో రాత్రి పది గంటలకు పొద్దు గుంకుతుంది. "ఇంకా చీకటి పడదేమిరా!" అని తాతగారు ఆశ్చర్యపోతారు. డిసెంబరులో పగలు ఆరు గంటలే ఉంటుందని, మధ్యాహ్నం మూడుకే దీపాలు పెడతామని చెప్పండి. మీరు ఇక్కడ ఎట్లా బతుకుతున్నారో అప్పుడు ఆయనకు తెలుస్తుంది. వాళ్ళు నిజంగా తెలుసుకోవాలని వచ్చింది అదే.

1977 నుంచి స్వీడన్‌లో మాతృభాష తరగతులు చట్టప్రకారం నడుస్తున్నాయి. బడి అయిన తరువాత, మిగతా పిల్లలు ఆడుకుంటున్నప్పుడు, మీరు ఈ తరగతికి వస్తారు. "ఈ తెలుగు నాకు ఎక్కడ పనికివస్తుంది?" అని కొందరు అడుగుతుంటారు. ఇక్కడే పనికివస్తుంది, మీరు పుట్టి పెరిగిన ఈ ఊళ్ళోనే.

ఇక మీ పని. లంక, లాకు, సందు, చౌకు, తెరచాప, ఫిరంగి, ఒరగడం, కవ్వం, దుబాసీ, ఈ తొమ్మిది మాటలు నోటుబుక్కులో రాసుకోండి. నేను చెప్పినవాటిలో ఒక చోటును ఎన్నుకోండి. దాన్ని గురించి పది వాక్యాలు తయారుచేసుకొని, ఈ ఆదివారం ఫోనులో తాతగారికో అమ్మమ్మగారికో చెప్పండి. రాసినది చదవకండి, చెప్పండి. వాళ్ళు ఏమి ప్రశ్న అడిగారో వచ్చే తరగతిలో నాకు చెప్పాలి. జవాబు తెలియకపోతే అందరం కలిసి వెతుకుదాం.

సెలవు.