కృత్రిమ చేయి చెప్పినట్టు వినాలంటే



మీ ఇంట్లో ఒకరికి కండరాల సంకేతాలతో పనిచేసే కృత్రిమ చేయి అమర్చారు. ఆసుపత్రిలో గ్లాసు చక్కగా పట్టుకున్న చేయి, ఇంటికి వెళ్ళాక ఒక్కోసారి తెరుచుకోదు. ఒక్కోసారి తనంతట తానే తెరుచుకుని గ్లాసు జారవిడుస్తుంది. అప్పుడు "నీకు వాడటం చేతకాలేదు" అనకండి. ఆ మాట పడలేక చేతిని తీసి బీరువాలో పెట్టేసినవారిని నేను చూశాను. తప్పు చాలాసార్లు మనిషిది కాదు, సంకేతం సరిగా అందకపోవడమే.

కండరం బిగిసినప్పుడు సన్నని విద్యుత్ సంకేతం పుడుతుంది. అది వోల్టులో కొన్ని వెయ్యోవంతులకు మించదు. సాకెట్ లోపలి ఎలక్ట్రోడ్లు చర్మం మీద నుండి దాన్ని అందుకుంటాయి. మోచేతి కింద చేయి పోయినవారిలో సాధారణంగా ఒక కండరం వేళ్ళను మూస్తుంది, మరొకటి తెరుస్తుంది. ఎలక్ట్రోడ్ కొంచెం పక్కకు జరిగినా, చర్మం మరీ పొడిబారినా, చెమట ఎక్కువగా పట్టినా, కండరం అలసినా చేయి తడబడుతుంది.

ఇంట్లో మీరు చేయవలసినవి:

1. రాత్రి చేతిని తీసి చార్జింగ్ పెట్టండి. మిగిలిన చేతిని సబ్బుతో కడిగి, బాగా ఆరనివ్వండి. తొడిగే ముందు నూనె, పౌడరు రాయవద్దు.

2. ఎలక్ట్రోడ్లను మెత్తని తడిగుడ్డతో తుడవండి. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి తీసి చెమట తుడిచి మళ్ళీ తొడగండి.

3. సాకెట్ వదులైతే గుడ్డలు కుక్కవద్దు. బరువు పెరిగినా, తగ్గినా కొలత మారుతుంది. పుండు, ఎరుపు కనిపిస్తే తొడగకుండా వెంటనే మా దగ్గరకు తీసుకురండి.

4. చేయి కిందికి దించి, ముందుకు చాచి, పైకెత్తి మూయడం, తెరవడం రోజూ కొద్దిసేపు సాధన చేయించండి. కూర్చుని నేర్చుకున్నది నిలబడితే కుదరకపోవచ్చు. అలసట కనిపిస్తే ఆపండి.

5. బాగా అలవాటయ్యే వరకు వేడి గిన్నె, పసిబిడ్డ ఆ చేతికి ఇవ్వవద్దు.

చేయి ఎప్పుడు, ఏ పని చేస్తుండగా తప్పిందో ఒక పుస్తకంలో రాయండి. అది చూస్తే ఎలక్ట్రోడ్ స్థానం మార్చాలో, సెట్టింగు సరిచేయాలో చేయి అమర్చినవారికి తెలుస్తుంది.

2002లో అమెరికాలోని చికాగోలో డాక్టర్ టాడ్ కుయికెన్ బృందం, కరెంటు షాక్‌తో రెండు చేతులూ పోగొట్టుకున్న జెస్సీ సల్లివన్ అనే లైన్‌మన్‌కు, చేతికి వెళ్ళే నరాలను ఛాతీ కండరాలకు కలిపింది. ఆయన చేయి మూయాలని తలచగానే ఛాతీ కండరం బిగిసి సంకేతం ఇచ్చేది. ఆ తర్వాత, అనేక ఎలక్ట్రోడ్ల సంకేతాలను కలిపి గుర్తుపట్టే చేతులు కూడా వచ్చాయి. కానీ ఎంత ఖరీదైన చేతికైనా శుభ్రమైన చర్మం, సరిపోయే సాకెట్, సాధన కావాలి. వీటితోపాటు ఇంటివారి ఓపిక కూడా కావాలి. ఆ ఓపికను దేవుడు మీకు అనుగ్రహించును గాక.