వేలికీ చెవికీ మధ్య
మిస్సిసాగాలో చేసిన ప్రసంగ పాఠం



మన మిస్సిసాగా ఇళ్ళలో బేస్‌మెంటే సంగీత పాఠశాల. ఒక చిన్న కీబోర్డు, దానికి తగిలించిన ల్యాప్‌టాప్, అందులో వీణ, వేణువు, వయొలిన్ అన్నీ పలికించే సాఫ్ట్‌వేర్ సింథసైజర్. పక్కన మృదంగం నేర్చుకునే అన్నయ్య. ఇద్దరూ కలిసి వాయిస్తే మాత్రం చెల్లెలు ప్రతిసారీ వెనకబడుతుంది. "నీకు లయ లేదమ్మా" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. ఆ మాట పడలేక కీబోర్డు మూసేసిన పిల్లలు నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలూ.

చాలాసార్లు లయ తప్పుతున్నది పిల్ల కాదు, కంప్యూటరు. అనుమానమైతే అదే పాటకు చేత్తో తాళం వేయించి చూడండి.

కంప్యూటరు ధ్వనిని చుక్కచుక్కగా ఇవ్వదు. బిందె నింపి, నిండాకే అందిస్తుంది. ఆ బిందె పేరే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ళ లెక్కన 1,024 శాంపిళ్ళ బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు. డ్రైవరు, మిగతా భాగాలు తమ వంతు కలిపితే మొత్తం 50 దాటినా ఆశ్చర్యం లేదు. నిమిషానికి 80 అక్షరాల ఆదితాళంలో, మూడో కాలంలో ఒక్కో స్వరానికి దక్కేది 187 మిల్లీసెకన్లు. అందులో పావువంతు పైగా కంప్యూటరే మింగేస్తే పిల్ల ఏం చేస్తుంది?

బఫర్‌ను 128కి తగ్గించండి. ఆ భాగం 3 మిల్లీసెకన్లకు దిగుతుంది. బిందె మరీ చిన్నదైతే నింపేలోగా ఖాళీ అయి చిటపటలు వినిపిస్తాయి. అప్పుడు 256 పెట్టుకోండి. విండోస్ వాడేవారు సౌండ్ కార్డు తయారీదారు ఇచ్చే ఏసియో డ్రైవరు వేసుకోవాలి. స్టైన్‌బర్గ్ సంస్థ ఏసియోను తెచ్చింది 1997లో, మన లివింగ్ ఆర్ట్స్ సెంటర్ తెరిచిన ఏడాదే! మాక్‌లో కోర్ ఆడియో ముందే ఉంటుంది. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. పుట్టినరోజుకు ముచ్చటపడి కొనిచ్చినవే చాలావరకు 100 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం తెస్తాయి. వైరున్న పాతవి వెతకండి.

సున్నా కావాలని మాత్రం పట్టుబట్టకండి. గాలిలో ధ్వనికి మీటరుకు 3 మిల్లీసెకన్లు పడుతుంది. వేదిక మీద మూడు మీటర్ల అవతలి మృదంగం 9 మిల్లీసెకన్ల తర్వాతే వినిపిస్తుంది, ఎవరూ గొడవ పెట్టరు. 10 లోపుంటే చాలు.

ఏ సెట్టింగుకూ లొంగని ఆలస్యం ఒకటుంది. హైదరాబాదులోని గురువుగారికీ మనకూ మధ్య 12 వేల కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరిగెత్తినా, పోను 60 మిల్లీసెకన్లు, రాను 60 తప్పవు. ఆయన అక్కడ తాళం వేస్తూ, అమ్మాయి ఇక్కడ వాయిస్తే ఎప్పటికీ కలవదు. తాళం ఇక్కడే, అన్నయ్య చేత వేయించండి. రెండూ కలిసే ఆయన్ని చేరతాయి, ఆయన విని దిద్దుతారు.