ఎర్రనీటిలో పులస

 

ఫ్రెంచ్ పాలినీషియాలో ఫకరావా అనే పగడపు దీవి ఉంది. ఏటా జూన్, జూలై పున్నమి రోజుల్లో వేల గ్రూపర్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడి పాయలో చేరతాయి. వాటి కోసం వందల సొరచేపలు కాచుకుని ఉంటాయి. 2014లో లోరాన్ బలెస్టా అనే జీవశాస్త్రవేత్త 20 మీటర్ల లోతున, 24 గంటలపాటు పైకి రాకుండా వాటిని చూశాడు.

అది చదివిన రోజు నాకు మన పులస గుర్తొచ్చింది. నేను ఈ ఆత్రేయపురంలోనే పుట్టాను. పుస్తెలమ్మైనా పులస తినాలని విని పెరిగినదాన్నే. కానీ అది కడలి వదిలి వరదకు ఎదురీదేది మన పులుసు దాకలోకి కాదు, తీపినీటిలో గుడ్లు పెట్టడానికి. 1852లో గోదారి మీద కాటన్ ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ఆ నీళ్లతో పండిన అన్నమే నేనూ తిన్నాను, దాన్ని తప్పు పట్టను. అయినా పైకి పోవాల్సిన చేప ఆ కట్ట కిందే ఆగిపోతోంది. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక అలహాబాదు వైపు వెళ్లే ఇదే జాతి చేప, ఇలస కూడా ఇలాగే తగ్గిపోయింది.

ఫకరావాలో నీళ్లు అద్దంలా ఉంటాయి. శ్రావణంలో మన గోదారిలో చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. ఇక్కడ మునిగి చూసేదేమీ లేదు, వల దగ్గర కూర్చోవాలి. ఒకసారి బొబ్బర్లంక దగ్గర తెల్లవారుజామున ఒక జాలరి పెద్దాయన ఆడచేప పొట్టను బొటనవేలితో మెల్లగా నిమిరాడు. ఇసకరేణువుల్లాంటి గుడ్లు నా అరచేతిలో పడ్డాయి. కొన్ని వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. “పండిపోయిందమ్మా, ఇంకో పూట ఆగితే ఏట్లో వదిలేసుకునేది” అన్నాడు. ఆ ఒక్క పూట ఎప్పుడో, ఏ మడుగులోనో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. 1803లో విశాఖ తీరపు రెండు వందల చేపల మీద పుస్తకం వేసిన పాట్రిక్ రస్సెల్ కూడా అక్కడి వాళ్ల నోట విన్న పేర్లే రాసుకున్నాడు.

గోదారికి ఎర్రని వరదనీరు వచ్చింది. ఇవాళ మత్స్యశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీరు, వలలో పడ్డ ప్రతి ఆడచేపకూ తేదీ, తిథి, నీటిమట్టం, గుడ్లు పండాయో లేదో రాసి పెట్టండి. పడవలో మీకు చోటిమ్మని ఆ పెద్దాయన్ని అడిగాను. సరేనన్నాడు. పిల్లలకు ఈత వచ్చా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.