సన్నాయియు చదువును

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 ఉదయము సభారంభమున మన బాలురు వాయించిన మంగళవాద్యమును మీరందరును వింటిరి. వారిలో సన్నాయి పట్టిన పిల్లవాడు ఈ యేడు ఇంటర్మీడియట్ తరగతియందు చేరుచున్నాడు. “ఈ రెండేండ్లు సన్నాయిని అటకమీద పెట్టించెదను, తరువాతి సంగతి తరువాత చూచుకొందము” అని వాని తండ్రి నాతో ననెను. ఆ మాటయే నా ప్రసంగమునకు విషయము.

ఆ తండ్రిని నేను నిందింపను. మన పెద్దలు తెల్లవార్లు మేళము వాయించి, భోజనవేళ పందిరి చివర వేచియున్న దినములు మనమెరుగనివి కావు. సంగీతమును మెచ్చినవారు సంగీతమును వాయించినవానికి సమానమగు పీట వేయలేదు. కావున బిడ్డ చదివి ఉద్యోగస్థుడైననే గౌరవమని తండ్రి తలంచుట సహజము. చదువు వలదనువాడు మన సంఘమునకు హితుడు కాడు. అయినను, చదువుకొరకు కులవిద్యను బలిపెట్టుట అవసరమా యనునదే నా ప్రశ్న.

నా యింటి సంగతియే చెప్పెదను. నా పెద్దకుమారుడు పదవ తరగతి ముగియునాటికి వర్ణములును, కొన్ని కృతులును చక్కగా వాయించుచుండెను. నేనే వానిని వసతిగృహముగల యొక కళాశాలయందు చేర్చి, సన్నాయిని గుడ్డలో చుట్టి దాచితిని. రెండేండ్లకు వాడు మంచి మార్కులతో తిరిగివచ్చెను. సన్నాయిని చేతికిచ్చితిని. తారాస్థాయికెక్కుసరికి ఊపిరి చాలలేదు, పెదవులు పట్టుదప్పినవి. సన్నాయియందు వ్రేళ్లు మాత్రమే పనిచేయవు. రంధ్రమును సగము మూయుటయు, ఊపిరి ఒత్తిడియు, పెదవుల బిగువును కలసిననే గమకము పలుకును. అది దినదినాభ్యాసమున నిలుచునదిగాని, దాచిపెట్టిన నిలుచునది కాదు. వాడు దానిని మరల గుడ్డలో చుట్టి, “నాన్నా! ఇక దీనిని ఎవరికైన ఇచ్చివేయుము” అనెను. నేడు వాడు ఉద్యోగస్థుడు. అన్నవస్త్రములకు కొరత లేదు. కాని నా తండ్రిగారి సన్నాయి మూగవోయెను. ఆ తప్పు వానిది కాదు, నాది.

రెండవవాని విషయమున అట్లు చేయలేదు. ఇంటినుండి పోయివచ్చు కళాశాలయందు చేర్చితిమి. సన్నాయిధ్వని ఇరుగుపొరుగువారి నిద్రకు భంగము గదా! ఆలయాధికారుల అనుమతితో తెల్లవారుజామున 5 గంటలకు ప్రాకారములో 40 నిమిషములు సాధన. రాత్రి చదువు ముగిసిన పిమ్మట కొంతసేపు నోటితో స్వరములు పాడుకొనుట. పరీక్షల నెలలో సాధనను 20 నిమిషములకు తగ్గించితిమిగాని మానిపింపలేదు. మానిపించినది మేళము. మాఘఫాల్గుణములలో ముహూర్తములు మెండు; ఇంటర్మీడియట్ పరీక్షలును ఇంచుమించుగా అప్పుడే వచ్చును. బాలుని చదువును చెరచునది ఉదయసాధన కాదు, పెండ్లిపందిళ్లలోని రాత్రిజాగరణము. ఈ భేదమును మనము గుర్తింపకున్నాము. సంగీతమువలన వాని మార్కులు పెరిగినవని నేను చెప్పను; తగ్గలేదని మాత్రము చెప్పగలను. వాని సన్నాయి నేటికిని పలుకుచున్నది.

ఈ రెండును ఒకచోట నిలుచునాయని సందేహించువారు డాక్టరు శ్రీపాద పినాకపాణిగారిని (1913–2013) స్మరింతురుగాక. విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, కర్నూలు వైద్యకళాశాలయందు ఆచార్యులైన ఆ మహనీయులే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు మున్నగు విద్వాంసులకు గురువులు. 1984లో పద్మభూషణ బిరుదమునందిరి.

సంగీతమునే వృత్తిగా కోరు బాలునికిని చదువు తప్పదు. 1919లో విజయనగరము సంగీతకళాశాలయందు ద్వారం వేంకటస్వామినాయుడుగారు పట్టములేవియు లేకయే, విద్వత్తుచేతనే వయొలిన్ అధ్యాపకులైరి. ఆ కాలము గడచినది. నేడు విశ్వవిద్యాలయములలో సంగీతము బోధించుటకు సాధారణముగా స్నాతకోత్తర పట్టమును, నెట్ వంటి అర్హతాపరీక్షయు కావలెను. కావున చదువు సన్నాయికి శత్రువు కాదు. దానికి పీట వేయించునది చదువే.

ఇక సంఘపోషకులకు నా విన్నపములు రెండు. ఇంటర్మీడియట్ చదువు బాలుడు ముహూర్తకాలమున మేళమునకు పోకున్నచో ఇంటికి రాబడి తగ్గును. బీదతండ్రి ఆ రాబడికొరకే బిడ్డను పంపుచున్నాడు. ఆ రెండు నెలల కూలిని సంఘనిధినుండి ఇప్పింపుడు. బడిరుసుములతోబాటు ఇదియు విద్యాదానమే. రెండవది: 10 మొదలు 14 ఏండ్లలోపు బాలబాలికలకు, 1982నుండి కేంద్రప్రభుత్వ సంస్థయగు సీ.సీ.ఆర్.టీ. వారి కళావిద్యార్థివేతనము గలదు. ఈ సంగతి మన గ్రామములలో పెక్కురెరుగరు. దరఖాస్తులు నింపించు బాధ్యతను ప్రతి శాఖాసంఘమును వహింపవలెను.

ఆ పిల్లవాని తండ్రి ఈ సభయందే యున్నాడు. అన్నా! బిడ్డను చదివింపుము. మేళమును మానిపింపుము. కాని ఆ సన్నాయిని అటక యెక్కింపకుము. నేనెక్కించినది నేటికిని దిగలేదు.

స్వస్తి.