వన్స్‌మోర్ అన్నదెవరు?

 

నాకు నాటకం నేర్పిన మాస్టారి హార్మోనియాన్ని ఇవాళ వేదిక మీద పెట్టారు. సభ అయ్యాక దగ్గరికొచ్చి చూడండి. మధ్య స్థాయిలో మూడు మెట్లు తెల్లదనం పోయి, వేళ్ల రాపిడికి గుంటలు పడి ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లపాటు పద్యం ఎత్తుకున్న ప్రతి గొంతూ ఆ మూడు మెట్లనే ఆనుకుని నిలబడింది. నాది పద్యం గొంతు కాదు. మాటకారి కుర్రాణ్ణని మాస్టారు నాకు 'చింతామణి' నాటకంలో సుబ్బిశెట్టి వేషం ఇచ్చారు. ఆయన పేరిట మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ వేషమే. నవ్వు ఎక్కడిదాకా నవ్వుగా ఉంటుంది, ఎక్కడ అవమానమవుతుంది అన్నది నేను పొట్టకు తలగడ కట్టుకుని తెలుసుకున్నాను. అది చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇక్కణ్ణుంచి పామర్రు మీదుగా కూచిపూడికి గంట ప్రయాణం కూడా లేదు. మాచుపల్లి కైఫీయతు అనే గ్రామ చరిత్రలో ఆ ఊరి భాగవతుల సంగతి ఒకటుంది. 1502 నాటిదంటారు. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్ను రాబట్టడానికి ఆడవాళ్లను హింస పెట్టేవాడు. ఆ దారిన పోతూ భాగవతులు అది కళ్లారా చూశారు. విజయనగరంలో రాజు ముందు కేళిక కట్టే రోజున ఒకరు గురవరాజయ్యారు, ఒకరు భటుడయ్యారు, ఒకరు ఆడవేషం కట్టారు. చూసింది చూసినట్టు ఆడారు. గురవరాజుకు శిక్ష పడింది. అర్జీ పెట్టుకునే దిక్కులేని ఆడవాళ్ల తరఫున వేషమే వెళ్లి అర్జీ పెట్టింది.

అదే ఊళ్లో తర్వాత గొల్లకలాపం పుట్టింది. భాగవతుల రామయ్యగారిది. చల్లమ్ముకునే గొల్లభామ ఒక బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి, బ్రాహ్మణ్యం పుట్టుకతో వస్తుందా, నడవడితో వస్తుందా అని నిలదీస్తుంది. ఆ ప్రశ్న రాసినవాడు బ్రాహ్మణుడు, గొల్లభామ వేషం కట్టి అడిగినవాడూ బ్రాహ్మణుడే. వినేవాళ్లలో సగం మందికి తగిలే మాట అది. అయినా నవ్వుకుంటూ విన్నారు, ఎందుకంటే కట్టెదుట నిలబడి అడుగుతున్నది తమవాడే.

ఇక తోలుబొమ్మలాట. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికొస్తే మాటలు ఎక్కడిదాకా పోతాయో ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు. ముందు వరసలో ఉన్నవాళ్లు చెవులు మూసుకుంటూనే పక్కకు తిరిగి నవ్వేవారు. ఇక్కడ నేనొక తేడా చెబుతున్నాను, దయచేసి గమనించండి. బూతు వేరు, అవమానం వేరు. బంగారక్క బూతుకు మనందరి మొహాలూ ఒకేసారి ఎర్రబడతాయి. అవమానం జరిగినప్పుడు సభ అంతా నవ్వుతుంది, ఒక్కడు మాత్రం తల దించుకుంటాడు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే మన వాదాలు ఎప్పుడూ పక్కదారి పడుతున్నాయి.

వీరేశలింగం పంతులుగారు 1876లో హాస్యసంజీవని పత్రిక పెట్టి, ప్రహసనాలు రాసి, తన ఇరుగుపొరుగునే ఎండగట్టారు. గురజాడవారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో మళ్లీ కొత్తగా రాశారు. అగ్నిహోత్రావధాన్లును చూసి మనం నవ్వేది అతని జంధ్యాన్ని చూసి కాదు, కూతుర్ని అమ్ముకునే అతని ఆశను చూసి. ఆ ఆశను వదులుకునే వీలు అతనికుంది. వదులుకోగలిగినదాన్ని చూసి నవ్వితే మనిషి మారడానికి దారి ఉంటుంది. పుట్టుకను చూసి నవ్వితే వాడు ఎక్కడికి పోవాలి?

కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) ఆ వరసలోనివారే. వరకట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ, వేశ్యావ్యసనం మీద చింతామణి రాశారు. చింతామణి ఇంటి గడప తొక్కి చెడిపోయినవాళ్లు ముగ్గురు: బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి. వ్యసనం ఒకటే, పతనం ఒకటే. కానీ స్టేజీ మీద ఏం జరిగిందో చూడండి. మొదటి ఇద్దరికీ పద్యాలు మిగిలాయి, పద్యాలతో పాటు ప్రేక్షకుడి జాలి మిగిలింది. సుబ్బిశెట్టికి మిగిలింది నవ్వులాట. 1956లో భానుమతిగారి చింతామణి సినిమాలో ఆ వేషం రేలంగిగారిది. అంటే అప్పటికే ఆ పాత్ర హాస్యనటుడి సొత్తు. తర్వాత్తర్వాత పల్లెల్లో నాటకం మొత్తం అడిగేవాళ్లు తగ్గారు. కాంట్రాక్టరు వచ్చి, "భవానీ సీనొకటి, శెట్టి సీనొకటి చాలండీ, తక్కినవి వద్దు" అనేవాడు.

1978లో నాకు ఇరవై రెండేళ్లు. మాఘమాసం, వీరమ్మ తల్లి తిరునాళ్ల రోజులు. చెరుకు బళ్లు చక్కెర ఫ్యాక్టరీ ముందు వరస కట్టి ఉన్నాయి, ఊరంతా బెల్లప్పాకం వాసన. పుల్లేరు అవతల ఒక ఊళ్లో మా సీను. తలగడ పొట్టకు కట్టి పైన పంచె బిగించారు. ముఖానికి నల్లరంగు పూశారు. ఆ రంగు పుస్తకంలో ఎక్కడుందని నేను అడగలేదు. అమెరికాలో తెల్లవాళ్లు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్ల వేషం కట్టి ఊళ్లకు ఊళ్లు నవ్వించేవారనీ, అదే తీరు కార్యక్రమాన్ని ఇంగ్లండులో బీబీసీ ఇరవై ఏళ్లు నడిపి సరిగ్గా 1978లోనే ఆపిందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్కడ ఆ రంగు కడిగేసిన ఏడాదే ఇక్కడ నేను పూసుకున్నాను.

స్టేజీ ఎక్కాక మొదటి రెండు మాటలూ పుస్తకంలోవే అన్నాను. నవ్వు రాలేదు. మూడోది సొంతంగా కల్పించాను, కులం పేరు పెట్టి, తూకం మీద, పిసినారితనం మీద. చప్పట్లు పడ్డాయి. వెనక నుంచి ఎవరో "వన్స్‌మోర్!" అన్నారు. మళ్లీ అన్నాను, ఈసారి ఇంకో ముక్క కలిపి. ఒకాయన స్టేజీ ఎక్కి నా చొక్కాకు పది రూపాయల నోటు పిన్నుతో గుచ్చాడు. ముందు వరస కుర్చీలో మా వీధి కిరాణా కొట్టు శెట్టిగారున్నారు. ఆ పందిరికి చందా ఇచ్చినవాళ్లలో ఆయన ఒకరు. పక్కన ఆయన చిన్నకొడుకు. నోటు చూసుకునే సంబరంలో నేను వాళ్ల వైపు చూడలేదు.

మర్నాడు అమ్మ కందిపప్పు తెమ్మంది. "ఏం అబ్బాయ్, ఉద్యోగం సంగతేమైంది?" అని పలకరించకుండా శెట్టిగారు నాకు ఎప్పుడూ సరుకు ఇచ్చినవారు కాదు. ఆ పూట పప్పు తూచారు. ముల్లు నిలబడ్డాక కూడా ఇంకో చారెడు వేశారు. పొట్లం కట్టి, పురికొస చుట్టి, తెంపి ఇచ్చారు. డబ్బులు గల్లాపెట్టెలో వేసుకున్నారు. తల ఎత్తలేదు. ఆ చారెడు పప్పు ఎందుకు వేశారో నాకు ఇంటికొచ్చాక అర్థమైంది. రాత్రి నేను తూకం మీద వేసిన మాటకు అది జవాబు.

మాస్టారు బళ్లో పాఠాలు చెప్పేవారని మీకు తెలుసు. నాలుగు రోజుల తర్వాత నన్ను పిలిపించారు. "నీ ముక్క బళ్లోకి వచ్చిందిరా. ఏడో తరగతిదాకా వచ్చింది" అన్నారు. శెట్టిగారి అబ్బాయిని పిల్లలు నేను కల్పించిన మాటతోనే పిలుస్తున్నారట. వాడు రెండ్రోజులుగా బడికి రావడం లేదట. అప్పుడు మాస్టారు కాళ్లకూరివారి పుస్తకం నా ముందు పెట్టి, చేతికి పెన్సిలిచ్చి, "స్టేజీ మీద నువ్వన్న మాటల్లో ఇందులో ఉన్నవాటి కింద గీత గియ్యి" అన్నారు. చాలాసేపు పెన్సిలు కదల్లేదు.

ఆ మాటలన్నీ నేనొక్కణ్ణే కల్పించినవి కావు. నా ముందు వేషం వేసినవాడి దగ్గర కొన్ని నేర్చుకున్నాను, అతను తన ముందువాడి దగ్గర నేర్చుకున్నాడు. ఎక్కడ వన్స్‌మోర్ పడిందో అక్కడ ముక్క పెరిగింది, పడనిచోట రాలిపోయింది. అలా యాభై అరవై ఏళ్లు పెరిగి పెరిగి సుబ్బిశెట్టి వ్యసనం కాస్తా సుబ్బిశెట్టి కులమైపోయింది. ఆ వేషం సగం రాసింది ప్రేక్షకులే. ఆ రాతలో నా చేయీ ఉంది, ఈ చుట్టుపక్కల ఊళ్ల చప్పట్లూ ఉన్నాయి.

అందుకే 2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనను నిషేధించినప్పుడు నాకు రెండు బాధలు కలిగాయి. సుబ్బిశెట్టి కులమైన ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి చెప్పుకున్న నొప్పి నిజమైనది. అది నాకు ఆ పప్పు పొట్లంలోనే తెలిసింది. కానీ నిషేధం పడింది ఎవరి మీద? నూరేళ్ల కిందట సంస్కరణ కోసం రాసిన రచయిత మీద. చింతామణి వేషంతో ఇల్లు గడుపుకునే నటీమణుల మీద, హార్మోనిస్టు మీద, తబలా ఆయన మీద. పుస్తకం చదువుకోవచ్చు, ఆడకూడదు అన్నారు. చేర్పులు వేరు, మూలం వేరు అని విడదీసే ఓపిక ఎవరికీ లేకపోయింది. కళాకారులు రోడ్డెక్కారు, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. కాళ్లకూరివారి మాటల్ని మాత్రమే ఆడించండి, కల్పించినవి కొట్టెయ్యండి అని పట్టుబట్టి ఉంటే శెట్టిగారికీ న్యాయం జరిగేది, రచయితకూ జరిగేది. ఇది నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. సుబ్బిశెట్టి గురించి అడగడానికి ఒక సంఘం ఉంది. 2012లో దేనికైనా రెడీ సినిమా తమను కించపరిచిందని బ్రాహ్మణ సంఘాలు వీధికెక్కాయి. మరి అదే నాటకంలో చింతామణి తల్లి శ్రీహరి గురించి, చిత్ర అనే పాత్ర గురించి అడిగినదెవరు? ఆ వేషాలు కట్టిన ఆడవాళ్లు నాలాంటి వాళ్లు విసిరిన మాటల్ని రాత్రంతా నవ్వుమొహంతో భరించారు. నత్తి ఉన్నవాడికి, కుంటుకుంటూ నడిచేవాడికి, నల్లగా ఉన్న ఆడపిల్లకు, హిజ్రాలకు మన హాస్యంలో ఎప్పుడూ వేషం దొరికింది, మనవి చెప్పుకునే చోటు దొరకలేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ విసిరితే ఒక్కడు కూడా మగవాడు ఆడవేషం కట్టాడని నవ్వలేదు, చేతులెత్తి మొక్కారు. అదే ఆడవేషం మన సినిమాల్లోకి వచ్చేసరికి చీర కట్టడమే జోకైంది. 2024 జులై 8న సుప్రీంకోర్టు వైకల్యం గురించిన ఒక తీర్పులో, మనిషిని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, మనిషిని తక్కువ చేసే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. ఆ తేడా మాస్టారు నాకు పెన్సిలుతో చూపించినదే.

మన కృష్ణా జిల్లావాళ్లం వినాల్సిన మాట ఇంకొకటుంది. పత్రికల భాష, సినిమాల భాష మన డెల్టా మాటకు దగ్గరైంది. అది మన గొప్ప కాదు, అలా జరిగింది. దాంతో హీరో మన యాసలో మాట్లాడితే, రౌడీకి, నౌకరుకి, జోకరుకి తెలంగాణ మాటో శ్రీకాకుళం మాటో అంటగట్టారు. మన పక్కనున్న కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావుగారు 1985లో ప్రతిఘటన సినిమాలో తెలంగాణ మాట మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. ఆయన ప్రతిభకు నేను చేతులు జోడిస్తాను. 2025లో ఆయన పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టే అనిపించింది. నేను అడిగేది నటుణ్ణి కాదు, హాలు నిండా కూర్చుని నవ్విన మనల్ని. అవతలివాళ్ల అమ్మ మాట్లాడే మాట వినగానే మనకు నవ్వెందుకు వచ్చింది? ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆ నవ్వు రగిల్చిన కోపం కూడా బయటపడింది. తర్వాత 2017లో ఫిదా సినిమాలో హీరోయిన్ ఆ మాటే మాట్లాడింది, మనమూ ఇష్టంగా విన్నాం. యాసే కాదు, వృత్తి కూడా నవ్వులాటైంది. టీవీ షో జబర్దస్త్‌లో గీత కార్మికుల మీద చేసిన స్కిట్టుకు 2014లో హాస్యనటుడు వేణు మీద కొందరు చెయ్యి చేసుకున్నారు. అది ముమ్మాటికీ తప్పు. నవ్వుకు దెబ్బ జవాబు కాదు. అదే వేణు 2023లో బలగం సినిమా తీశాడు. చావు ఇంట్లో తన ఊరివాళ్లతో కలిసి కూర్చుని నవ్వించాడు, ఏడిపించాడు. అందులో నవ్వు ఉంది, తల దించుకున్నవాడు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

మళ్లీ మాస్టారి దగ్గరికి వస్తాను. ఆ ఏడాదే చైత్రంలో ఇంకో ఊళ్లో మాకు సీను పడింది. తలగడ, రంగు రెండూ తీసేయించారు. పుస్తకంలో ఉన్నది మాత్రమే అన్నాను. ఆస్తి పోయి, ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక నిలబడ్డ మనిషి వేషం అది. నాకు అంతకుముందెప్పుడూ అలా తోచలేదు. జనం కాసేపు చూశారు. వెనక నుంచి పాత ముక్క కోసం అరుపులు మొదలయ్యాయి. ఎవరో నోటు పట్టుకుని స్టేజీ మెట్ల దాకా వచ్చాడు. నేను భయపడి మాస్టారి వైపు చూశాను.

ఆయన హార్మోనియం తొక్కడం ఆపేశారు. శ్రుతి ఆగిపోతే స్టేజీ ఎంత బోసిగా ఉంటుందో నటులకు తెలుసు. అరుపులు ఇంకా పెరిగాయి. ఆయన చేతులు మెట్ల మీదే ఉంచి, కళ్లు దించి, అలాగే కూర్చున్నారు. ఒక నిమిషమో, రెండు నిమిషాలో. కొందరు లేచి బీడీలు ముట్టించుకుని వెళ్లిపోయారు. తక్కినవాళ్లు సద్దుమణిగాక మాస్టారు మళ్లీ కాలు ఆడించి, అరిగిన ఆ మూడు మెట్ల మీద తర్వాతి సీనుకు శ్రుతి పట్టారు.