చదువు అప్పు - పెద్దల సంతకము



మన తాతల నాట చదువు కొఱకు ఊరు విడిచి పోయిన పిల్లవాని సంగతి మీరెఱుగుదురు. వాడు పట్టణములో ఏడిండ్ల వారములు కుదుర్చుకొనెడివాడు. సోమవారము ఒకరి యింట, మంగళవారము మఱియొకరి యింట భోజనము చేసి, వీధి దీపము క్రింద చదువుకొనెడివాడు. 1926లో బెజవాడలో స్థాపింపబడి, 1930లో వాల్తేరునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు విరాళమిచ్చిరి. ఆ దినములలో చదువుకొన్నవానికి ఋణమేదైన మిగిలియున్నచో అది అన్నము పెట్టిన యిల్లాలి ఋణము. దానికి వడ్డీ లేదు, వాయిదా లేదు.

నేడు మా పెందుర్తిలో ఇంజనీరింగు చదువదలచిన పిల్లవాడు బ్యాంకునకు పోవుచున్నాడు. వాని వెంట తండ్రియో తాతయో పోవలసియున్నది. ఏలయన, అప్పు పిల్లవానిదైనను సంతకము పెద్దలది కూడ కావలెను. ఆ సంతకమును గూర్చియే నేను నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేనును అట్టి సంతకము చేసినవాడనే. నా తమ్ముని కుమారుని చదువునకు, తండ్రితోపాటు నన్నును సహఋణగ్రహీతగా చేర్చిరి. కాగితములపై ఏడెనిమిది చోట్ల వ్రాలు చేసితిని, ఒక్కటియు చదువలేదు. చదువు ముగిసిన పిదప ఒక యేడాది వఱకు వాయిదా కట్టనక్కఱలేదని బ్యాంకు గుమాస్తాగారు చెప్పిరి. అంతవఱకు వడ్డీయు లేదని నాకు నేనే అర్థము చేసికొంటిని. ఆయన చెప్పినది నిజము. నేను విన్నది తప్పు. అయిదేండ్లకు వచ్చిన ఉత్తరములో, మేము తీసికొన్న 4,00,000 రూపాయలకు మాఱుగా 5,40,000 రూపాయలు కనబడెను. మోసము జరిగినదని మా తమ్ముడు మండిపడెను. మోసమేమియు లేదు. లెక్క వినుడు, వ్రేళ్ళపై చేసికొనవచ్చును.

ఏడాదికి నూటికి పది వడ్డీ. మన వాడుకలో చెప్పవలెనన్న నెలకు నూటికి 83 పైసలు. నాలుగేండ్ల చదువునకు ఏడాదికి లక్ష చొప్పున బ్యాంకు కాలేజీకి కట్టినది. మొదటి లక్షపై అయిదేండ్ల వడ్డీ 50,000, రెండవ లక్షపై నాలుగేండ్లకు 40,000, మూడవదానిపై 30,000, నాల్గవదానిపై 20,000. మొత్తము 1,40,000. వాయిదా ఆగినను వడ్డీ నడచుచునే యుండును. ఆ వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకొనవచ్చునని మాకు తోచలేదు. కట్టదలచినచో మొదటి యేడు నెలకు 833 రూపాయలు, రెండవ యేడు 1,667, అట్లే పెరిగి చివరకు 3,333. అట్లు కట్టువారికి చదువుకాలమున వడ్డీలో నూటికొక రూపాయి తగ్గించు బ్యాంకులును కలవు. పాడి యున్న యింటికి మొదటి యేటి సొమ్ము పెద్ద భారము కాదు.

దీనినిబట్టి బ్యాంకు అప్పు చెడ్డదని నేననుట లేదు. మన గ్రామములలో రెండు రూపాయల వడ్డీ యనగా ఏడాదికి నూటికి 24. దానితో పోల్చిన ఇది సగముకన్న తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో మొదలైన బోధనరుసుముల చెల్లింపు వలన ఎందఱో బీదబిడ్డలు ఇంజనీర్లయిరి. అయినను ఆ సొమ్ము ఆలస్యమైనప్పుడు కాలేజీవారు తండ్రిని అడుగుదురు. తండ్రి వడ్డీవ్యాపారిని అడుగును. అట్టి సమయమున బ్యాంకు ఋణమే మేలు.

ఇక భూమి మాట. ఒకప్పుడు పెందుర్తి చుట్టుప్రక్కల నేలను ఎకరములలోను సెంట్లలోను చెప్పుకొనెడివారము. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినది. పిదప ఆనందపురము నుండి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రహదారి పడినది. ఇప్పుడు అదే నేలను గజములలో అమ్ముచున్నారు. గజము వెల పెరిగినకొలది దానిపై అప్పు పుట్టుట తేలికయైనది. తేలికగా పుట్టు అప్పును చూచిననే నాకు భయము. దస్తావేజు చంకబెట్టుకొని బయలుదేరుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనుడు. నాలుగు లక్షల వఱకు విద్యాఋణమునకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకువారి నియమము. ఏడున్నర లక్షల వఱకు ఋణములకు 2015 నుండి కేంద్రప్రభుత్వపు హామీ నిధి కలదు. దాని క్రింద ఇచ్చు ఋణమునకు తాకట్టుగాని జామీనుగాని అక్కఱలేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము వేఱొకటి. అందు పేర్కొనిన ఉన్నత విద్యాసంస్థలలో ప్రవేశము దొరకినవారికి తాకట్టు లేకయే ఋణమిత్తురు. కుటుంబపు ఆదాయము ఏడాదికి ఎనిమిది లక్షల లోపైనచో, ఇతర నియమములకు లోబడి, పది లక్షల వఱకు ఋణముపై నూటికి మూడు వడ్డీ తగ్గింపు కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఆదాయము నాలుగున్నర లక్షలు మించని కుటుంబముల పిల్లలు గుర్తింపు గల సంస్థలలో వృత్తివిద్యలు చదువునప్పుడు, తాకట్టు లేని ఋణముపై చదువుకాలపు వడ్డీని కేంద్రమే భరించు పథకము 2009 నుండి కలదు. దానికి ఆదాయ ధ్రువపత్రము కావలెను. మా తమ్ముని ఆదాయము ఆ హద్దు లోపలిదే. ఆ పత్రము కొఱకు మా యింట ఎవ్వరును పోలేదు. అడుగనివారికి ఎవరు చెప్పుదురు? ఆ 1,40,000 తలచుకొన్నప్పుడెల్ల నాకు కలుగు బాధ యిది.

విదేశవిద్య లెక్క వేఱు. 2023-24లో అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు చైనావారిని మించిరి. అందు మన తెలుగుబిడ్డలెందఱో కలరు. పోవలదని నేను చెప్పను. కాని రూపాయి వడ్డీకి నలువది లక్షలు తెచ్చినచో నెలకు వడ్డీయే 40,000 రూపాయలగును. అసలు తరుగుట అటు పిమ్మటి మాట. అచ్చటి ఉద్యోగమును నమ్ముకొని ఇచ్చటి ఇల్లు తాకట్టు పెట్టుచున్నాము. ఆ దేశపు నియమములు మన చేతిలోనివి కావు. విదేశములనుండి క్రొత్తగా తీసికొను ఉద్యోగుల హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు ఉత్తరువు చేసెను. అచ్చట ఉత్తరువు మాఱినను ఇచ్చట వాయిదా మాఱదు. కావున సంతకమునకు ముందు పిల్లవానిని కూర్చుండబెట్టి, "నాయనా, నీవు తిరిగివచ్చి విశాఖలోనే పని చేయవలసివచ్చిన ఈ వాయిదా కట్టగలవా?" యని అడుగుడు. వానికి కోపము రావచ్చును. రానిండు.

వాయిదా తప్పిన మచ్చ పిల్లవానితో పోదు. 2000లో ఏర్పడిన సిబిల్ వంటి సంస్థలు అప్పు తీసికొన్న ప్రతివానికి 300 మొదలు 900 వఱకు అంకె వేయును. సంతకము చేసిన పెద్ద అంకెయు దానితో తగ్గును. రేపు మీరు పంటఋణమునకు పోయినప్పుడు అధికారి ఆ అంకెనే చూచును.

బ్యాంకు అప్పు కనబడునట్టిది. కనబడని అప్పు చేతిలోని ఫోనులో నున్నది. హాస్టలులో నున్న పిల్లవాడు అయిదు వేలు అవసరమై ఫోనులో మీట నొక్కును. సొమ్ము వెంటనే వచ్చును. వారము తిరుగకముందే బెదిరింపులు మొదలగును. వాని ఫోనులోని పేర్లన్నిటికి, మేనమామలకు, ఉపాధ్యాయులకు నిందావాక్యములు పంపుదురు. ఆ సిగ్గు భరింపలేక ప్రాణములు తీసికొన్న యువకుల వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను వింటిమి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు నియమములు చేసిరి: ఫోనులోని పేర్ల జాబితాను అట్టి సంస్థలు చూడరాదు, ఏడాదికి మొత్తము భారమెంతయో ముందే వ్రాసియియ్యవలెను, సొమ్ము ఋణదాత నుండి నేరుగా ఋణగ్రహీత ఖాతాకే పోవలెను. నియమము తప్పువారు దొంగలు. బెదిరింపు వచ్చినచో 1930 అను అంకెకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. పోలీసు స్టేషనునకును పోవచ్చును. అంతకుముందు వాడు మీకు చెప్పవలెను గదా! తిట్టెడి తండ్రికి ఏ కొడుకును చెప్పడు. మొదట బిడ్డ, తరువాత లెక్క.

అప్పు మాట పిల్లలకు తెలియనీయరాదు, చదువు చెడునని పెద్దలు కొందఱందురు. మా తమ్ముడును అట్లే దాచెను. దాని ఫలమేమనగా, మా వాడు నాల్గవ యేట వాయిదాలపై మోటారుసైకిలు కొనెను. వానిని నిందించుటెట్లు? ఇంటిపై అప్పున్నదని వానికి తెలియనే తెలియదు. బ్యాంకు ఉత్తరము వచ్చిననాడు మేము ముగ్గురము చావడిలో కూర్చుండి కాగితములు పఱచితిమి. వానికి అప్పటికే పరవాడలో ఉద్యోగము దొరకియుండెను, జీతము 24,000. ఆ 5,40,000 తీర్చుటకు పదునైదేండ్లు తీసికొన్నచో నెలకు సుమారు 5,800. పదేండ్లయినచో సుమారు 7,140. తక్కువ వాయిదాయే మేలని మా తమ్ముడనెను. మా వాడు ఫోనుపై హెచ్చవేసి, పదునైదేండ్లకు కట్టునది పది లక్షల నలువదినాలుగు వేలని, పదేండ్లకైన ఎనిమిది లక్షల యేబదియాఱు వేలని చూపి, పదేండ్లే కోరుకొనెను. మోటారుసైకిలును మిత్రునికి అమ్మివేసెను. ఆ పని ఎవరును చేయుమనలేదు.

ఈ నెలతో పదునొకండు వాయిదాలు కట్టెను. జీతము పెరిగినప్పుడు అధికముగా కట్టినచో జరిమానా యుండునేమో యని అడిగి రమ్మంటిని. ఉండదని బ్యాంకువారు వ్రాసియిచ్చిరి. ఆ కాగితమును ఈ మాఱు నేను మొదటి నుండి తుది వఱకు చదివితిని.